బక్కి గడియారం

స్వావా ఇంట్లోని గోడ గడియారం ఏనాడూ సరైన టైం చూపించి ఎరగదు. కొత్తగా వచ్చినవాళ్లు తలెత్తి దాన్ని చూసి, "అయ్యో, ఇంత రాత్రయిందా!" అని కోటు అందుకుంటారు. అప్పటికింకా సాయంత్రపు కాఫీ వేళ కూడా దాటి ఉండదు. గంటల కొద్దీ వెనకబడ్డ ఆ ముళ్లు చూపేది పొద్దుటి టైం, చూసేవాళ్లు దాన్ని రాత్రి టైం అనుకుంటారు. చలికాలపు చీకటి అసలే మనిషిని మోసం చేస్తుంది, దానికి ఈ గడియారం తోడైతే ఇక చెప్పేదేముంది.

పొరుగింటి పెద్దాయన జన్మంతా గడియారాలు బాగుచేసి బతికినవాడు. ఆయనకు ఇది కంట్లో నలుసు. "ఒక్క పూట నా చేతికివ్వు స్వావా, దాని రోగం కుదురుస్తా," అని అడుగుతూనే ఉంటాడు. "దానికే రోగమూ లేదు, ఉంటే గింటే నీకే ఉంది," అంటుంది స్వావా. ఆ మాటా నిజమే. గడియారం నడకలో లోపం లేదు. ఎంత వెనకబడి ఉందో అంతే వెనకబడి, పట్టు విడవకుండా నడుస్తుంది.

ఆ రోజు కూతురు ఊన్నుర్ వచ్చింది. తల్లీకూతుళ్లు చక్కెర చల్లిన పల్చటి అట్లు తింటూ ఎవరి పెళ్లి గురించో మాట్లాడుకుంటున్నారు. రేడియోలో వాతావరణ వార్తలు మొదలయ్యాయి. స్వావా చూపుడువేలు పైకి లేచింది. ఆ వేలు లేచిందంటే ఆ ఇంట్లో చెంచా కూడా చప్పుడు చేయకూడదు. ఊన్నుర్ పుట్టినప్పటి నుంచీ అదే కట్టుబాటు.

"అమ్మా, ఇదంతా నిన్ననే చెప్పేశారే," అని ఊన్నుర్ ఫోన్ చూపించింది. "ఇదిగో, రంగులతో సహా. రేపు పొద్దున్నకి మన పాత ఊరి మీద ఎరుపు. సాయంత్రానికి ఊదా."

"ఊదా రంగు గాలి నేనెప్పుడూ చూళ్ళేదు. నోరు మూసుకుని విను."

రేడియోలో ఆడగొంతు తాపీగా చదువుతోంది. ఉత్తరం నుంచి, ఈశాన్యం నుంచి పెనుగాలి. మంచు జల్లులు. గడ్డకట్టించే చలి. ఆ మాటలు ఎన్ని వందలసార్లు విన్నా స్వావాకు పాతబడలేదు. కళ్లు మూసుకుంటే చాలు, నెస్‌లోని ఆ వంటగది, గోడకు తగిలించిన నల్లటి ఫోను, పొయ్యి మీద మాడుతున్న కాఫీ వాసన, అన్నీ ఎదురుగా వచ్చి నిలబడతాయి. ఎంత కష్టపు రోజులో! అయినా వాటి కోసం ప్రాణం కొట్టుకుపోతుంది.

నెస్ అంటే ఉత్తరాన, సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన నేల మీద ఒక్క ఇల్లు. దాని తరువాత ఇక ఊళ్లు లేవు, చలి పుట్టే చోటే. అందుకే వాతావరణ శాఖ వాళ్లు ఆ ఇంటి ముందు నాలుగు కాళ్ల తెల్ల పెట్టె ఒకటి పాతి, లోపల థర్మామీటర్లు పెట్టి, బారోమీటరు ఒకటి గోడకు బిగించి, ఆ పని కేతిల్‌కు అప్పగించారు. కేతిల్ స్వావా మొగుడు. కాగితం మీద పేరు అతనిది, చాకిరీ స్వావాది. పొద్దున్నే పెట్టె తెరిచి చలి ఎంతుందో చూసి, మబ్బు చూసి, అలలు చూసి, లోపలికొచ్చి బారోమీటరు మీద వేలితో టకటకలాడించి, అన్నీ అంకెల గుంపుల్లోకి మార్చి ఫోన్లో చదవాలి. చిన్న పట్నంలోని ఎక్స్ఛేంజిలో ఫ్రీదా అనే ఆవిడ అది రాసుకుని రాజధానికి పంపేది. గాలైనా చలైనా ముందు నెస్ తలుపే తట్టి కిందికి పోయేవి కాబట్టి, స్వావా అంకెలు అందాకే అక్కడివాళ్లు ఉత్తర తీరానికి జోస్యం రాసేవాళ్లు.

అయితే ఆ ఫోను నెస్ ఒక్కదానిదే కాదు. నెస్ పక్కగా నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ చుట్టూ ఉన్న ఇళ్లన్నిటికీ కలిపి ఒకే తీగ. ఎవరికి ఫోనొచ్చినా అందరిళ్లలోనూ మోగేది. రెండు పొడుగు మోతలు, ఒక పొట్టి మోత అయితే నెస్‌కి. ఒక పొడుగు, మూడు పొట్టి అయితే బక్కికి. తమది కాని మోత వినబడితే మర్యాదస్తులు ఫోను ముట్టుకోకూడదు. ఆ పాయ చుట్టుపక్కల అంతటి మర్యాదస్తులు ఎవరూ లేరు. చలికాలమంతా మంచులో కూరుకుపోయి ఉండే మనుషులకు సినిమా అదే, పేపరూ అదే.

స్వావా పొద్దున్నే ఫోను హ్యాండిల్ తిప్పగానే టిక్, టిక్ అని రిసీవర్లు లేచేవి. ఎవరూ నోరు మెదిపేవాళ్లు కారు. అయినా ఎవరెవరు వింటున్నారో ఆమెకు తెలిసిపోయేది. ముక్కుపొడుం ఎగబీల్చే చప్పుడొస్తే హామ్రార్ ఇంటి స్తేఫాన్. అల్లిక సూదులు కిటకిటలాడితే నెస్‌కి కాస్త దిగువనున్న వీక్ ఇంటి థోరా. గడియారం టకటకమని కొట్టుకుంటుంటే బక్కి. మొదట్లో వాళ్లకు అవి ఉత్త అంకెలే. రెండేళ్లు తిరిగేసరికి స్తేఫాన్ దారిలో కనబడి, "ఇవ్వాళ నీ మూడో గుంపు నాకు నచ్చలేదమ్మాయ్, గొర్రెల్ని దొడ్లోనే ఉంచేశా," అనే స్థాయికి వచ్చాడు.

బక్కిలో ఉండేది రన్నా. కేతిల్ తల్లి. ఎదురొడ్డున ఒంటరి ఇల్లు, ఒక ఆవు, పుట్టింటి నుంచి తెచ్చుకున్న గోడ గడియారం. అత్తాకోడళ్లకు రెండు చలికాలాలుగా మాటల్లేవు. కారణం పడవ. రన్నా మొగుడు సముద్రంలోనే పోయాడు. కొడుకును నీళ్ల జోలికి పోనివ్వకుండా గొర్రెలతో పెంచుకొచ్చింది. పెళ్లయిన ఏడాదే కేతిల్, స్వావా అన్న ఇంగ్వార్‌తో, థోరా మొగుడు లౌరుస్‌తో కలిసి మోటారు పడవ ఎక్కాడు. "నా కొడుకును పడవెక్కించింది నువ్వే. నీ పుట్టింటి బుద్ధి," అంది రన్నా. "మీ కొడుకు ఏమన్నా చంటిపిల్లాడా, ఎత్తి పడవలో కూచోబెట్టడానికి?" అంది స్వావా. అంతే, తలుపు మూసుకుంది.

మాటల్లేవు గానీ, పొద్దున్నే ఫోన్లో గడియారం కొట్టుకోవడం ఒక్కరోజూ తప్పలేదు. స్వావాకు ఒళ్లు మండేది. "నా గొంతు చాటుగా వినడానికి తీరిక ఉంది, నాతో మాట్లాడ్డానికి లేదు," అని కేతిల్ దగ్గర సణిగేది. కేతిల్ నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వుకు మరీ మండేది.

ఆ ఏడు ఫిబ్రవరి చివర్లో ఒక తెల్లవారుజాము పడవ వెళ్లింది. ఆకు కూడా అల్లాడని ఉదయం. నాలుగు రోజులుగా గాలి లేక వెచ్చబడి, చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. వెలుతురొచ్చాక స్వావా పెట్టె దగ్గరికి వెళ్లింది. ఉత్తరాన నీటి మీద ముదురు బూడిద రంగు గోడ లేచి ఉంది. గాలి లేకపోయినా పెద్ద పెద్ద అలలు బద్ధకంగా దొర్లుకుంటూ వచ్చి రాళ్ల మీద పడుతున్నాయి. కాళ్ల కింద నేల సన్నగా అదురుతోంది. లోపలికొచ్చి బారోమీటరు మీద వేలు వేసింది. ముల్లు కిందికి జారింది. మళ్లీ తట్టింది. ఇంకా జారింది. ముల్లు అంతలా జారిందంటే పెనుగాలి వస్తున్నట్టే.

పడవలో రేడియో ఉంది, కానీ అది వినడానికే తప్ప మాట్లాడ్డానికి పనికిరాదు. మధ్యాహ్నపు వాతావరణ వార్తలు వాళ్లు తప్పకుండా వింటారు. ఆ వార్తల్లో పెనుగాలి మాట రావాలంటే నెస్ అంకెలు ఇప్పుడే రాజధానికి చేరాలి. రాజధానిలో ఎండ కాసిందని ముందు రాత్రే రేడియోలో మురిసిపోయారు. ఇక్కడి సంగతి ఇక్కడివాళ్లు చెబితే తప్ప అక్కడ ఎవడికి తెలుస్తుంది?

హ్యాండిల్ తిప్పింది. టిక్, టిక్, టిక్. ఆ రోజు అందరూ లేచారు. కిటికీలోంచి ఆ బూడిద గోడను చూడనివాళ్లు లేరు.

"ఫ్రీదా! ఫ్రీదా, నెస్ నుంచి. వినబడుతోందా?"

ఎక్కడో నూతి అడుగు నుంచి వచ్చినట్టు, "...ఎవరూ?... గట్టిగా..." అని మాత్రం వచ్చింది.

పట్నానికి పోయే తీగ మీద, చలి వదలని కొండ ఎత్తున, ముందురోజు తడి గడ్డకట్టి పేరుకుపోయింది. ఆ పైన రిసీవరు ఎత్తిన ప్రతి ఇల్లూ ఆ కాస్త కరెంటులో తన వాటా తాగేస్తోంది. ఒకరిద్దరు విన్నప్పుడు గొంతు పలచబడేది. అందరూ వింటే గొంతే చేరదు. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసి కూడా ఎత్తారు, ఎందుకంటే భయం వేసింది. ఎంత భయపడితే అంతగా వింటున్నారు, ఎంత వింటే అంతగా గొంతు చచ్చిపోతోంది.

"మీకు పుణ్యముంటుంది, ఫోన్లు పెట్టెయ్యండి!" అని అరిచింది స్వావా. "నా మాట ఫ్రీదాకి అందట్లేదు. స్తేఫాన్, మీ ముక్కు చప్పుడు నాకు వినబడుతూనే ఉంది!"

"నేనప్పుడే పెట్టేశాగా," అన్నాడు స్తేఫాన్ అమాయకంగా. టిక్.

"థోరా, నీ మొగుడూ ఆ పడవలోనే ఉన్నాడే."

"ఏమన్నా తెలిస్తే నాకు చెప్తావుగా?"

"చెప్తానే తల్లీ. పెట్టెయ్."

సూదుల చప్పుడు ఆగింది. టిక్. ఒకరి తరువాత ఒకరు దిగారు. చివరికి మిగిలింది గడియారం ఒక్కటే. టక, టక, టక.

స్వావా రెండు చలికాలాల తరువాత ఆ పేరు నోటికి తెచ్చుకోవడానికి కొంచెం కష్టపడింది. "రన్నా. మీ గడియారం వినబడుతోంది. దయచేసి పెట్టెయ్యండి."

ఒక్క క్షణానికి గడియారం చప్పుడు ఆగిపోయింది.

"ఫ్రీదా! వినబడుతోందా?"

"...ఎవరు... నెస్సా?... అంకెలు తెలియట్లా..."

ఇంకా అందట్లేదు. అందరూ దిగారు కదా, గడియారం కూడా ఆగింది కదా! స్వావాకు అప్పుడు తట్టింది. గడియారం ఆగింది గానీ టిక్‌మన్న చప్పుడు రాలేదు. ఆ ముసలావిడ రిసీవరు పెట్టలేదు. లేచి, రెండో చేత్తో లోలకం పట్టుకుని ఆపేసింది. గడియారం నోరు నొక్కేస్తే తను ఉన్నట్టు ఎవరికీ తెలియదనుకుంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు స్వావాకు. ఆమె కళ్లకు కట్టింది: బక్కి వంటగదిలో, గోడకు ఆనుకుని, ఒక చేత్తో రిసీవరు, ఒక చేత్తో లోలకం పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనిషి.

"రన్నా," అంది. ఈసారి అరవలేదు. "మీరక్కడే ఉన్నారు. నాకు తెలుసు."

బొంగురు గొంతు వచ్చింది. "ఆ రోజు కూడా ఇలాగే పెట్టెయ్యమన్నారు."

కేతిల్ ఒకసారి చెప్పిన సంగతి స్వావాకు గుర్తుంది. ఫోన్లు కొత్తగా వచ్చిన కాలం, రన్నా మొగుడు వేటకెళ్లి తిరిగి రాని రోజు. పాస్టరు గారికి అర్జంటు కబురుంది, అందరూ పెట్టెయ్యండి అన్నారు ఎక్స్ఛేంజి వాళ్లు. రన్నా బుద్ధిగా పెట్టేసింది. మిగతావాళ్లెవరూ పెట్టలేదు.

"పాయ చుట్టూ అందరికీ తెలిసిపోయింది," అంది రన్నా. "నా ఒక్కదానికే తెలీదు. మర్నాడు మంచులో పడి పాస్టరు వచ్చేదాకా, మా ఆయన వస్తే తొడుక్కుంటాడని ఉన్ని తొడుగులు పొయ్యి మీద వెచ్చబెడుతూ కూర్చున్నా. నాకు చివర్న చెప్తారు. ఎప్పుడూ నాకే చివర్న చెప్తారు."

స్వావాకు రెండు చలికాలాల కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఇన్నాళ్లూ ఆ గడియారం చప్పుడు తన మీద నిఘా అనుకుంది. కొడుకు ఉన్న ఇంటి గొంతును పట్టుకుని వేలాడుతున్న మనిషని ఒక్కనాడూ అనుకోలేదు. సిగ్గేసింది. సిగ్గుపడ్డానికి కూడా అప్పుడు వ్యవధి లేదు.

"రన్నా, వినండి. మంచైనా, చెడైనా, ముందు మీకే చెప్తాను. థోరా కన్నా ముందు. మా అన్న పెళ్లాం కన్నా ముందు. నేను ఏడవకముందే మీకు చెప్తాను. మీ కొడుకు మీద ఒట్టు. ఇప్పుడు పెట్టెయ్యండి."

అవతల ఊపిరి వినబడింది. తరువాత టిక్.

"అబ్బ, ఇప్పుడు పక్కింట్లో ఉన్నట్టుంది!" అంది ఫ్రీదా గొంతు గణగణలాడుతూ. "చెప్పు, రాసుకుంటున్నా."

స్వావా చదివింది. చివర్న అంకెల్లో పట్టని మాట కూడా చేర్చింది. "పడవలు బయట ఉన్నాయని వాళ్లకు చెప్పు ఫ్రీదా. మధ్యాహ్నం వార్తల్లోనే చెప్పమను. సాయంత్రం దాకా ఆగొద్దను."

మధ్యాహ్నం రేడియో ముందు కూర్చుంటే ముందు ఎవరో చనిపోయినవాళ్ల ప్రకటనలు చదివారు. తరువాత గొర్రె మాంసం ధరలు. స్వావా బల్ల అంచు పట్టుకుని, ఆ ధరలు చదివేవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంది. ఎట్టకేలకు ఆడగొంతు వచ్చింది. "ఉత్తర తీరానికి హెచ్చరిక. ఈశాన్యం నుంచి పెనుగాలి. మంచు జల్లులు. వేగంగా పెరిగే చలి. పడవలు వెంటనే ఒడ్డు చేరాలి."

వాళ్లు విన్నారో లేదో! బ్యాటరీ ఉందో లేదో, ఇంగ్వార్ వలల దగ్గర పాటలు పాడుతూ రేడియో ఆపేశాడేమో. చూరు నుంచి కారే నీళ్లు ఆగిపోయాయి. తొలిగాలి తలుపు కొట్టింది. మొదటి జల్లు వచ్చి ఎదురొడ్డును తుడిచేసింది, బక్కి కనబడకుండా పోయింది. జల్లు దాటింది, బక్కి కనబడింది. మళ్లీ జల్లు. ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. పాయ చుట్టూ అన్ని ఇళ్లూ ఆ రోజు నిజంగానే మర్యాదగా కూర్చున్నాయి. అది ఇంకా భయంగా ఉంది.

రెండు జల్లుల మధ్య, పాయ ముందు నీళ్లలోంచి కొమ్ములా లేచిన రాయి పక్కగా నల్లటి చుక్క కనబడింది. పడవ. పక్కవాటున నీళ్లు ఎగజిమ్ముకుంటూ, పడుతూ లేస్తూ వస్తోంది. బయట థోరా శాలువా ఎగిరిపోతున్నా పట్టించుకోకుండా రేవు వైపు పరిగెడుతోంది. స్వావా కాళ్లు కూడా తలుపు దాకా వెళ్లాయి. ఒట్టు గుర్తొచ్చి ఆగింది. ఆ క్షణంలో గడప దాటకుండా ఉండటం ఎంత కష్టమైందో తరువాత ఎవరికి చెప్పినా అర్థం కాలేదు. దుర్భిణి తీసుకుని కిటికీకి ఆనుకుంది. అలల మీద పడవ కుదురుగా కనబడదే! మోటారు దగ్గర ఇంగ్వార్. నీళ్లు తోడుతున్న లౌరుస్. ఇంకొకడేడీ? మంచు కమ్మేసింది. మళ్లీ తెరిపి ఇచ్చింది. పడవ ముందు భాగంలో తాడు పట్టుకుని, వంగి, తల నిండా మంచుతో కేతిల్.

హ్యాండిల్ తిప్పింది. ఒక పొడుగు, మూడు పొట్టి.

టిక్, టిక్, టిక్. అందరూ ఎత్తారు. ఎత్తనీ.

"రన్నా. వచ్చేశారు. ముగ్గురూ. నా కళ్లారా చూశాను."

జవాబు రాలేదు. అంతమంది వింటుంటే తన గొంతు పలచబడిపోయిందేమో, అందలేదేమో అనుకుని మళ్లీ చెప్పబోయింది. అప్పుడు చాలా దూరం నుంచి, సన్నగా, టక అని వినబడింది. తరువాత ఇంకోటి. టక, టక, టక. రన్నా లోలకాన్ని కదిలించింది.

పాయ చుట్టూ ఉన్న ఇళ్లన్నీ కాసేపు ఆ చప్పుడు విన్నాయి. స్తేఫాన్ ముక్కు ఎగబీల్చాడు, అది పొడుం కోసం కాదు. స్వావా అప్పుడు ఏడ్చింది.

ఆ వేసవిలో రన్నా బక్కి వదిలి ఆవుతో సహా నెస్‌కి వచ్చేసింది. కోడలితో పోట్లాటలు మానలేదు, అయితే ఇప్పుడవి ఒకే వంటగదిలో, ముఖాముఖీ. గడియారాన్ని ఉన్ని దుప్పటిలో చుట్టి తానే ఒళ్లో పెట్టుకుని పడవలో తెచ్చింది. గోడకు తగిలించి, రేడియోలో టైం విని, ముళ్లు తిప్పి, కిందికి దిగింది. కేతిల్ చూసి నవ్వాడు.

"అమ్మా, పొరపాటు పెట్టావు. చాలా వెనక ఉంది. నేను సరిచేస్తా ఉండు."

"ముట్టుకోకు," అంది రన్నా. "ఆ రోజు పొద్దున లోలకం పట్టుకున్నప్పటి నుంచి నీ పెళ్లాం ఫోను చేసేదాకా నేను బతికి లేను. ఆ కాసేపు నా లెక్కలో వెయ్యొద్దు."

రేడియోలో వాతావరణ వార్తలు అయిపోయాయి. స్వావా కళ్లు తెరిచి వేలు దించింది. రన్నా లేదు, కేతిల్ లేడు, తెల్ల పెట్టె స్థానంలో తనంతట తానే కబుర్లు పంపే ఇనప గుంజ ఒకటి నిలబడిందని విన్నది. అది ఎవరికీ ఒట్టు వెయ్యదు. ఊన్నుర్ లేచి కోటు తొడుక్కుంటోంది. కొండ మీది దారిన కారులో ఇల్లు చేరాలి.

"గాలి రేపటికి గానీ రాదమ్మా, నేను ఇంకాసేపట్లో ఇంట్లో ఉంటా," అంది.

"చేరగానే ఫోన్ చెయ్యి. ముందు నాకు. తరువాతే ఎవరికైనా."

"తెలుసు," అంది ఊన్నుర్. అలవాటుగా గడియారం వైపు చూసి, పోగొట్టుకున్న ఆ గంటలు కలిపి, టైం ఎంతయిందో చెప్పి బయటికి వెళ్లింది. స్వావా కుర్చీ ఫోను పక్కకు జరుపుకుని కూర్చుంది.